పెద్దమ్మ నేర్చిన ఒక్క ఇంగ్లీషు మాట

మొన్న ఆదివారం పొద్దున మా పెద్దమ్మ సిద్దిపేట దవాఖానలో కన్నుమూసింది. ఫోన్లో ఆ మాట విన్నాక ఎవరికి చెప్పాలో, ముందు ఏం చేయాలో తోచక మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. ఇలాంటప్పుడు మా ఇంట్లో అందరం చూసేది ఆమె వైపే.

అమ్మకు సొంత అక్క. మిరుదొడ్డిలో బట్టలు కుట్టేది. వయసులో ఉన్నప్పుడు కుట్టు నేర్పిన మేడమ్ దగ్గర ఒక ఇంగ్లీషు మాట పట్టుకుంది: ‘ఫస్ట్ థింగ్స్ ఫస్ట్’. పెద్దమ్మ నోట్లో అది ‘పస్టు తింగ్సు పస్టు’ అయింది. కొత్త బట్టను నీళ్లలో తడిపి ఆరేయనిదే కత్తెర ముట్టేది కాదు. ఎవరైనా తొందరపెడితే, “ముందు చేసేది ముందు చెయ్యాలె. కుట్టినంక గుంజుకపోతే నన్నే తిడ్తవు” అని నవ్వేది.

మా అక్క మొగుడు, బావ, దుబాయిలో పనిచేసే చోటే గుండె ఆగి పోయాడని కబురొచ్చిన రోజు ఇల్లంతా ఏడుపు. మగవాళ్లు ఎవరికి ఫోన్ చేయాలని వాదులాడుకుంటున్నారు. పెద్దమ్మ బస్సు దిగి వచ్చి, అక్కను పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

“పస్టు తింగ్సు పస్టు. పిల్లలు తిన్నరా?”

వంటింట్లోకి వెళ్లి గిన్నెల మూతలు తీసి చూసింది.

“పొద్దటిసంది గా పిల్లలకు ఎవ్వలు ఇంత బువ్వ పెట్టలేదా?”

తనే పొయ్యి వెలిగించింది. వాళ్లకు తినిపిస్తూనే, బావతో పనిచేసేవాళ్లకు ఫోన్ చేయమని ఒకరికి, పాస్‌పోర్టు నకలు వెతకమని ఇంకొకరికి చెప్పింది. బావ శవం ఇంటికి చేరేదాకా అక్కను విడిచి కదల్లేదు.

“నేనెట్ల బతకాలె పెద్దమ్మా?” అని అక్క అడిగితే, “గది నాకూ తెల్వది బిడ్డా. ఇప్పుడైతే ఇంత తిను” అంది. తెలియనిది తెలిసినట్టు ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఆ రోజు అక్క రెండు ముద్దలు తిన్నది అందుకేనేమో.

పోయిన నెల పెద్దమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చివరిసారి దవాఖానకు చూడ్డానికి వెళ్లిన సాయంత్రం, ఎడమచేయి ఎత్తి నన్ను ఏదో అడిగింది. నీళ్లు తాగించబోతే తల అడ్డంగా ఊపింది. కిటికీ తెరిచాను. మళ్లీ మూశాను. ఫ్యాను ఆపాను, దుప్పటి కప్పాను.

“అక్కను పిలువాల్నా?”

కాదన్నట్టు కళ్లు మూసింది.

“ఏం కావాలె పెద్దమ్మా? నాకు సమజైతలేదు” అంటుంటే ఏడుపు ఆగలేదు. ఆమె నన్ను కాసేపు చూసింది. అడగడం మానేసి, అదే చేత్తో నా చేతిని మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. నర్సు వచ్చి ఇక వెళ్లమనేదాకా తడుతూనే ఉంది.