కారు కింద దారంతో

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి పెట్రోలు కాస్త దొరుకుతున్న రోజులవి. నేను తిరుపతిలో చెక్క బొమ్మలు చేసేవాణ్ణి. నా స్నేహితుడు మునిరత్నం చిత్తూరులో ఒక పాత కారు కొని, పూజ చేయించడానికి నన్నూ వెంటబెట్టుకుని కాణిపాకం వెళ్ళాడు. అచ్చం అలాంటి కారునే చిన్నదిగా చెక్కి, చెప్పకుండా అతని చేతిలో పెట్టాలని నా ఆశ.

అతను పూజారి కోసం గుడిలోకి వెళ్ళగానే, కారు కిందికి పొడవునా వెల్లకిలా దూరి, దారంతో ఇరుసు కొలవసాగాను. అంతలోనే వాళ్ళు వచ్చేశారు. బయటికొస్తే గుట్టు తెలిసిపోతుందని కదలకుండా పడుకున్నాను.

"మావాడు ఈడే ఉండె. యాడికి పోయినాడో," అన్నాడు మునిరత్నం.

"వస్తాడులే అప్పా. మంచి గడియ దాటిపోతా ఉండాది," అన్నాడు పూజారి.

కొబ్బరికాయ కొట్టి వెళ్ళిపోతారనుకున్నాను. ఇంతలో ఒక చెయ్యి వచ్చి, నా చెవి పక్కనున్న చక్రం ముందు నిమ్మకాయ పెట్టింది. అంటే కారు దాని మీదుగా కదలబోతోందన్నమాట. ఆపమని అరిచాను. అప్పటికే ఎవరో కారు ముందు హ్యాండిల్ తిప్పి ఇంజను నడిపించారు. ఇంజను మోతలో నా గొంతు నాకే వినిపించలేదు. చేతులు ఒంటికి అదుముకుని కళ్ళు మూసుకున్నాను. నిమ్మకాయ చితికి రసం ముఖాన చిమ్మింది. కారు నా మీదుగా సాగిపోయింది. కళ్ళు తెరిస్తే పైన ఆకాశం, చుట్టూ జనం, వేళ్ళ మధ్య దారం.

మునిరత్నం పరుగెత్తుకొచ్చి నా కాళ్ళూ చేతులూ తడిమి చూశాడు.

కొన్నాళ్ళకు బొమ్మకారు పూర్తిచేసి అతనికిచ్చాను. అతను ముందుగా దాన్ని తిరగేసి, కింద చూశాడు. నాకు నవ్వు రాలేదు.