నల్ల తెర ముందు నాలుగు రోజులు

ధర్మవరంలో పట్టుచీరల అంచులకూ కొంగులకూ డిజైన్లు గీసి ఇవ్వడం నా పని. మా నాయన గళ్ళ కాయితం మీద పెన్సిల్‌తో గీసేవాడు. నేను లాప్‌టాప్ మీద గీస్తాను. గీసినదాని ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టిస్తారు. ఆ అట్టల దండ మగ్గం పైనున్న జకార్డు పెట్టెకు ఎక్కితేనే చీర మీద బొమ్మ పడుతుంది. అట్టలు రాకపోతే మగ్గం ఊరికే నిలబడి ఉంటుంది.

నా లాప్‌టాప్ కొత్తది కాదు. బెంగళూరులో ఉద్యోగం చేసే ఒకాయన వాడి అమ్మేసింది. లోపల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఉంది. ఇది తీసేసి అందరూ వాడేది వేయించుకోమని చాలామంది చెప్పారు. నేను వినలేదు. బొమ్మలు గీసే ప్రోగ్రాం అందులో ఉచితంగా దొరికింది. నా చేయి దానికి అలవాటు పడింది. మూడేళ్ళుగా ఏ ఇబ్బందీ పెట్టలేదు.

ఆ సోమవారం పొద్దున కుళాయిలో నీళ్ళు వస్తున్నాయి. ఒకవైపు బిందెలు నింపుకుంటూ, అప్‌డేట్లు ఉన్నాయని లాప్‌టాప్ అడిగితే సరేనన్నాను. అది అయ్యాక చోటు చాలడం లేదని ఇంకో మాట చూపించింది. పనికిరాని పాతవి తీసేసి చోటు చేసుకోవడం ఎలాగో అంతకు ముందు వారమే ఫోన్‌లో ఒక వీడియో చూసి నేర్చుకుని, అప్పుడే కొన్ని తీసేశాను. ఈసారి కూడా అలాగే తీసేశాను. తర్వాత ఆపి మళ్ళీ ఆన్ చేశాను.

తెర నల్లగా వచ్చింది. పై మూలన చిన్న గీత ఒకటి మినుకుమినుకుమంటోంది. అంతే. మళ్ళీ ఆపాను, మళ్ళీ ఆన్ చేశాను. అదే గీత. బిందె నిండి నీళ్ళు వాకిట్లోకి పారుతున్నాయని నాయన కేకేసేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.

అందులో సగం గీసిన కొంగు ఉంది. రెండు వీధుల అవతల ఉండే ఒక అక్క కోసం గీస్తున్నది. వాళ్ళాయన తాడిపత్రిలో బండల లారీ నడుపుతాడు. ఇంట్లో మగ్గం ఈమె చేతి మీదే నడుస్తుంది. నిలువు పోగుల పడుగు ఎక్కించి, పాత పోగులకు కొత్త పోగులు అతికించి, అన్నీ సిద్ధం చేసుకుని నా డిజైన్ కోసమే కూర్చుని ఉంది. కోటగోడ పళ్ళలా లేచే కోటకొమ్మ అంచు అయిపోయింది. కొంగులో మామిడి పిందెల వరసలు ఇంకా మిగిలి ఉన్నాయి.

మధ్యాహ్నానికి అక్క రానే వచ్చింది.

"ఏం పాపా, ఎప్పటికిస్తావు?"

"అక్కా, కంప్యూటర్ తెరుచుకోల్యా. రెండు దినాలు ఆగు."

"చెడిపోయినాదా?"

"చూస్తాండా."

ఆమె నల్లటి తెరను కాసేపు చూసి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

మంగళవారం పొద్దున్నే లాప్‌టాప్‌ను చీరల సంచీలో పెట్టుకుని బస్సెక్కి అనంతపురం వెళ్ళాను. రిపేరు షాపతను ఆన్ చేసి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. ఫ్యాన్ దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"గ్రాఫిక్స్ చిప్పు పోయినాదక్కా. బోర్డు మార్చల్ల. లేదంటే వేరేది చూసుకో."

"చిప్పు పోయింటే ఈ గీత ఎట్ల కనపడతాండాది?"

అతను నా వైపు చూశాడు. "సరే, ఫార్మాట్ కొట్టి మామూలు సిస్టం ఏసిస్తా. దాంతో వస్తాదేమో చూద్దాం."

"నా బొమ్మలు?"

"అవి పోతాయి."

లాప్‌టాప్ మూసి సంచీలో పెట్టుకున్నాను. అతని మీద నాకు కోపం లేదు. అతని దగ్గరికి వచ్చేవాటిలో లినక్స్ ఉన్నవి ఎన్ని ఉంటాయి? కానీ నిన్నటిదాకా బాగా నడిచింది. కిందపడలేదు, వేడెక్కలేదు. అప్‌డేట్ చేసి ఆపిన తర్వాతే ఇలా అయ్యింది. కాబట్టి చెడింది లోపలి ప్రోగ్రాముల రాత, వస్తువు కాదు అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని, ఫోన్‌లో ఇలాంటి నల్ల తెరల గురించి ఎవరెవరో రాసుకున్న ప్రశ్నలూ జవాబులూ చదివాను. ఇంగ్లీషు నాకు అంతంత మాత్రమే. తెలిసిన మాటలు పట్టుకుని తెలియనివి దాటేస్తూ చదివాను. ధర్మవరం వచ్చేసరికి ఒకటి దొరికింది. మూడు మీటలు కలిపి నొక్కితే బొమ్మల తెర బదులు ఒట్టి అక్షరాల తెర వస్తుందట.

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా ఆ మూడు మీటలు నొక్కాను. నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చి నా పేరు అడిగాయి. పేరు కొట్టాను, పాస్‌వర్డ్ కొట్టాను. లోపలికి పోనిచ్చింది. ఫైళ్ళ పేర్లు చూపించే ఆజ్ఞ ఇచ్చాను. కోటకొమ్మ, కొంగు, పిందెలు అని నేను పెట్టుకున్న పేర్లన్నీ వరసగా వచ్చాయి. బొమ్మలు కనపడకపోయినా బతికే ఉన్నాయి. అప్పుడు వెళ్ళి చెప్పులు విడిచాను.

నాయన మంచం మీద నుంచే అడిగాడు. "వచ్చినాదా?"

"ఇంగా ల్యా నాయనా. కానీ పోలేదు."

"కాయితం తీసకరా. పిందెలు నేను సెప్తా, నువ్వు గీయి."

నాయనకు కళ్ళు మసకలు. అయినా గడుల లెక్క నోట్లోనే ఉంది. కాయితం మీద మొదటి నుంచీ గీయాలంటే మూడు వారాలు పడుతుందని ఆయనకూ తెలుసు. "శుక్రవారం దాకా సూస్తా. కాకపోతే కాయితమే" అన్నాను.

బుధవారం పొద్దున అక్క మళ్ళీ వచ్చింది. ఈసారి అడగడానికి కాదు. "ఇంట్లో నిలిచిపోయిన మగ్గం ముందర కూర్చోలేకపోతాండా. ఈడ ఏమన్నా పనుంటే సెప్పు" అంది. ఆమె పదో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు మాటల అర్థం తెలియకపోయినా అక్షరాలు బాగా పోల్చుకుంటుంది. ఫోన్ ఆమె చేతికిచ్చాను. జవాబుల్లోని ఆజ్ఞలను ఆమె ఒక్కొక్క అక్షరంగా చదువుతుంటే నేను కొట్టాను. నేనొక్కదాన్నే అయితే ఫోన్ చూసేలోపు ఏ అక్షరం దగ్గర ఉన్నానో మరిచిపోతున్నాను.

"యస్, యు, డి, ఓ. తర్వాత సందు ఇడువు."

"ఇడిచినా."

"డి, కె, యం, యస్. మళ్ళీ సందు."

తప్పులు చాలా కొట్టాం. ప్రతి తప్పుకీ అది ఒక తిట్టులాంటి వాక్యం చూపించేది. అక్క ఆ వాక్యాన్ని కూడా అక్షరం వదలకుండా చదివేది. గ్రాఫిక్స్ కార్డును నడిపించే ప్రోగ్రాంను డ్రైవర్ అంటారు. మా డ్రైవర్ లాప్‌టాప్‌లో ఉంది గానీ పనిలోకి ఎక్కలేదని పదకొండు గంటలకు తెలిసింది. ఎందుకు ఎక్కలేదో తెలియలేదు. దాన్ని తీసి మళ్ళీ వేశాం. నల్ల తెరే. ఇంకొకరు చెప్పినట్టు చేశాం. నల్ల తెరే. కరెంటు పోయింది. బ్యాటరీ పాతది, అరగంట కూడా నిలవదు. ఇద్దరం విసనకర్రలు పట్టుకుని, కరెంటు వచ్చేదాకా వాకిట్లో కూర్చున్నాం.

కరెంటు వచ్చాక, చెప్పినవన్నీ గుడ్డిగా కొట్టడం మానేయాలనుకున్నాను. అసలు అది ఏమంటోందో చదవాలి. ఆన్ అయినప్పటి నుంచి జరిగినదంతా లాప్‌టాప్ రాసి పెట్టుకుంటుంది. ఆ రాత తెరిచాను. పేజీలకు పేజీలు. డ్రైవర్ పేరున్న వరసలు మాత్రం ఏరి, తెర మీద నిలిపాను.

అక్క కుర్చీ దగ్గరికి లాక్కుంది. వేల పోగుల్లో తెగిన ఒక్క పోగును వేలితో పట్టుకునే మనిషి. కాసేపు కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూసింది.

"పాపా, ఈడ తొంబై నాలుగు ఉండాది."

"యాడ?"

"ఇదో, ఈ వరసలో. ఆ పై వరసలో తొంబై ఒకటి ఉండాది. ముందరంతా ఒకే మాదిరి ఉండాయి. చివర్నే తేడా."

నేను అప్పటికి పదిసార్లు చూసి ఉంటాను ఆ రెండు వరసలనూ. పొడవాటి అంకెలు కదా అని చదవకుండా దాటేశాను.

లినక్స్‌కు కెర్నెల్ అని మూలభాగం ఒకటి ఉంటుంది. మిగతావన్నీ దాని మీదే నడుస్తాయి. సోమవారం అప్‌డేట్‌తో నాకు తొంభై నాలుగో నంబరు కెర్నెల్ వచ్చింది. కెర్నెల్ మారినప్పుడల్లా దానికి సరిపోయేలా డ్రైవర్ మళ్ళీ తయారు కావాలి. అలా తయారు కావడానికి హెడర్లు అని కొన్ని ఫైళ్ళు కావాలి, వాటి నంబరు కెర్నెల్ నంబరుతో కలవాలి. నా దగ్గర హెడర్లు తొంభై ఒకటి దగ్గరే ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయో వెతుకుతూ పోతే, నేను ఇచ్చిన ఆజ్ఞల చిట్టా బయటపడింది. ముందు వారం వీడియో చూసి తీసేసిన వాటిలో, కొత్త హెడర్లను తెచ్చి పెట్టే భాగం కూడా ఉంది. పోనీ పాత కెర్నెల్ ఉంటే దాంతోనైనా తెరుచుకునేది. సోమవారం పొద్దున చోటు కోసం దాన్నీ తీసేశాను.

చిప్పు చెడలేదు, అప్‌డేట్ చెడగొట్టలేదు. మూడు రోజులుగా ఆమె మగ్గాన్ని ఆపింది నేను. చెప్పకపోయినా ఆమెకు తెలిసేది కాదు. కానీ పక్కనే కూర్చుని అక్షరాలు చదువుతున్న మనిషికి చెప్పకుండా ఎలా ఉండను?

"అక్కా, ఇది తనంతట తాను చెడిపోలేదు. నేనే తీసేసినా. తెలీక తీసేసినా."

అక్క నా ముఖంలోకి చూసింది. "నీ చేత్తోనే పోయినాదా?"

"ఊఁ."

"అయితే నీ చేత్తోనే తెప్పీ. కొట్టు, తర్వాత ఏం కొట్టల్ల?"

ఫోన్‌ను వైరుతో లాప్‌టాప్‌కు తగిలించి ఇంటర్నెట్ ఇచ్చాను. తొంభై నాలుగో నంబరు హెడర్లు తెమ్మన్నాను. సగం దాకా వచ్చి ఆగిపోయాయి. అక్క చదివింది. "నో, స్పేస్, లెఫ్ట్... చోటు లేదంటాండాది గదూ?"

అవును. మొదట్లో నన్ను ఈ తిప్పల్లోకి దింపింది ఆ చోటే. ఎక్కువ చోటు తినేది ఏదా అని వెతికితే, నాయన పాత గళ్ళ కాయితాలను నేను స్కాన్ చేసి పెట్టినవే కనపడ్డాయి. ముప్పై ఏళ్ళ డిజైన్లు. అసలు కాయితాలు సగానికి పైగా చెదలు తినేశాయి. నాయనను పిలిచి చెప్పాను.

"తీసెయ్ మే. పాతవి ఎవురు నేస్తారు ఇప్పుడు?"

"తీసెయ్యను. ముందు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కిస్తా. అన్నీ ఎక్కినాయో లేదో సూస్తా. ఆ తర్వాతే."

"మొండిదానివి."

"తెలీక తీసేసి ఈ కథంతా తెచ్చుకున్యా కదా నాయనా. మళ్ళీ అదే పని సెయ్యను."

అక్షరాల తెర మీద పెన్ డ్రైవ్‌ను తగిలించడమే ఒక చదువు. దానికి ఒక చోటు చూపించాలి, పేరు చెప్పాలి, అప్పుడు గానీ లోపలికి రానివ్వదు. అవి నేర్చుకుని, ఫైళ్ళు ఎక్కించడం మొదలుపెట్టేసరికి సాయంత్రమైంది. అక్క వంట చేసుకోవాలని వెళ్ళింది. గురువారం పొద్దున తను వచ్చేసరికి అన్నీ ఎక్కి ఉన్నాయి. అటు ఎన్ని ఫైళ్ళు, ఇటు ఎన్ని ఫైళ్ళు అని లెక్క పోల్చాను. ఆ పెన్ డ్రైవ్‌ను పక్కింట్లో కంప్యూటర్‌కు పెట్టి, ఏవో నాలుగు తెరిచి చూశాను. నాయన గీసిన గండభేరుండం తెర మీద స్పష్టంగా కనపడింది. అప్పుడు వచ్చి లాప్‌టాప్‌లోవి తీసేశాను.

హెడర్లు వచ్చాయి. అప్పటిదాకా తిట్టిన డ్రైవర్ ఈసారి తిట్టకుండా తనంతట తాను తయారు కావడం మొదలుపెట్టింది. వరసలు పైకి పాకుతూ పోయాయి. ఆగాయి. అక్కను చదవమన్నాను.

"రెండు చోట్లా తొంబై నాలుగే ఉండాది" అంది.

ఆపి ఆన్ చేశాను. తెర నల్లబడింది. నల్లగానే ఉంది. నేను బల్ల అంచు పట్టుకున్నాను. ఆ తర్వాత ఒక్కసారిగా తెల్లగా వెలుగు వచ్చి, నేను ఎప్పుడో పెట్టుకున్న నీలం రంగు తెర, దాని మీద ఫైళ్ళ బొమ్మలు, అన్నీ ఎక్కడివక్కడ కనపడ్డాయి.

"నాయనా, వచ్చినాది!" అని అరిచి, కొంగు ఫైలు తెరిచాను. ఆయన గోడ పట్టుకుంటూ వచ్చి తెరకు మరీ దగ్గరగా ముఖం పెట్టి చూశాడు. "పిందె తోక కొంచం వంకర పోయినాది సూడు" అన్నాడు.

అక్క లేచి కొంగు దులుపుకుంది. "నేను పోయి మగ్గం గుంత ఊడ్సుకుంటా. నువ్వు గీయి" అని వెళ్ళిపోయింది.

భోజనం కుర్చీలోనే చేసి, ఆ రోజూ మర్నాడూ గీశాను. శనివారం డిజైన్ అట్టలు కొట్టే ఆయనకు ఇచ్చాను. మంగళవారానికి అట్టల దండ అక్క ఇంటికి చేరింది. జానెడు నేశాక కబురు పెడితే వెళ్ళాను. గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని ఆమె తొక్కుతుంటే పైన అట్టలు ఒక్కొక్కటిగా తిరుగుతున్నాయి. ఎర్రటి పడుగు మీద జరీ కోటకొమ్మలు లేస్తున్నాయి. నాకు చాలా సంతోషంగా అనిపించింది. ఆమె మాత్రం చేయి ఆపి, వేలు పెట్టి చూపించింది.

"ఇదో, మూడో కొమ్మ దగ్గర ఒక గడి తప్పినాది."

వంగి చూశాను. నిజమే. గీతలో జారిన ఒక్క గడి. నేను చూసుకోకుండా వదిలేసింది.

"ఎన్ని అట్టలు మార్చల్ల అక్కా?"

"రెండు. సాయంత్రానికి ఇస్తే ఇప్పి మళ్ళీ నేస్తా."

"ఇస్తా" అని చెప్పి, ఎండలోనే గబగబా ఇంటికి నడిచాను.