జయానందం పేచ్‌కస్ బేరం

మెదక్‌లో ఒక్క పూటలో పిల్లను చూసి పెళ్లి ఖాయం చేసుకున్నవాళ్లున్నారు. అరపూటలో ఎడ్ల జత కొన్నవాళ్లున్నారు. ఒక్క పేచ్‌కస్ కొనడానికి నలభై రోజులు పట్టినవాడు మాత్రం జయానందం ఒక్కడే. పేచ్‌కస్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు, స్క్రూలు బిగించే స్క్రూ డ్రైవరే. కానీ ఆ మాట జయానందం ముందు అన్నవాడికి ఆ పూట అన్నం చల్లారిపోయేది.

పెద్ద చర్చి గుడి వెనక సందులో అతనికొక గది, గది ముందు ఒక పని బల్ల. పెళ్లాం, పిల్లలు లేరు. కుట్టుమిషన్లు, హార్మోనియాలు, గోడ గడియారాలు, తాళాలు, ఏది చెడినా మిషన్ కాంపౌండులో అందరూ అతని దగ్గరికే వచ్చేవారు. పక్కింట్లో ఉండే పేతురు మాస్టరు మిషన్ బడిలో లెక్కలు చెప్పేవాడు. జయానందానికి ఆయన ప్రాణస్నేహితుడు. అందువల్ల బజారుకు వెంట వెళ్లే శిక్ష కూడా ఆయనకే పడింది.

"ఖాసిం సాబ్, పేచ్‌కస్‌లు చూపిండ్రి."

ఇనుప సామాను దుకాణం ఖాసిం సాబ్ రుమాలుతో మొహం తుడుచుకునేవాడు. "గిప్పుడే దుకాణం తెరిచిన జయానందం. జర ఊపిరి తీస్కోనియ్యి."

డజను పేచ్‌కస్‌లు బల్ల మీదికి వచ్చేవి. జయానందం ఒక్కొక్కదాన్నీ కంటి దగ్గర పెట్టుకుని కడ్డీ వంకర ఉందేమో చూసేవాడు. బల్ల మీద దొర్లించేవాడు. జేబులోంచి చిన్న ఆకురాయి తీసి మొన మీద ఒక్కసారి రాసేవాడు. పొడి రాలితే అంతే సంగతులు.

"గిది మెత్త ఇనుము. జొన్న గటుక కలుపుకునే తెడ్డు. ఇంట్ల ఇయ్యుండ్రి, పనికొస్తది."

"మరి గిది?"

"గిది మరీ ఉడుకు రక్తం. జర మెలేస్తే పటుక్కున ఇరుగుతది."

ఆ పరీక్ష నెగ్గినవాటి పిడిని పట్టుకుని, గుడి దగ్గర పెద్దమనుషులతో చెయ్యి కలిపినట్టు ఊపేవాడు. చివరికి ఒక పేచు, అంటే స్క్రూ, తీసి దాని గాడిలో మొన నిలిపేవాడు. "చూడు మాస్టరు, మొన గాడి నిండ కూసోవాలె. అటిటు కదులొద్దు. కదిలిందంటే జారుతది. జారిందంటే పేచు తల చెక్కుకపోతది, దాంతోని నీ చెయ్యి గుడ."

"నాకు బడి యాళ్లయితుంది, ఆనందం."

"పోరగాండ్లకు ఎక్కం తప్పితే రేపు దిద్దొచ్చు. పేచు తల చెడితే ఎవడు దిద్దుతడు?"

ఈ పిచ్చి వల్లే అతని పెళ్లి తప్పిపోయిందని సందులో అందరికీ తెలుసు. నిజాంపేటలో పిల్లను చూడటానికి తీసుకెళ్తే, పిల్ల కాఫీ గ్లాసులతో బయటికి వచ్చేసరికి పెళ్లికొడుకు నేల మీద మోకాళ్లూని గుమ్మం తలుపు బందులు బిగిస్తున్నాడు. పిల్ల తండ్రి ఓపిక పట్టి, "పిల్ల నచ్చిందా అయ్యా?" అని అడిగాడు.

"పిల్లకేం, బంగారం. తలుపే బాగలేదు," అన్నాడు జయానందం.

ఆ సంబంధం అక్కడితో సరి.

తన పేచ్‌కస్‌ను ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాడు. మాస్టరు భార్య నవోమి దీపం మూత తీయడానికి అడిగినా ఒకటే జవాబు. "సామాను ఇచ్చుడు లేదు నవోమమ్మా. పని చెప్పు, నేనే వస్త." వచ్చి, దీపం మూత తీసి, ఇంట్లో ఉన్న ప్రతి స్క్రూనూ పలకరించి, భోజనాల వేళ దాటాక గానీ కదిలేవాడు కాడు.

నలభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం నుంచి ఆ నవ్వులన్నీ సన్నగిల్లాయి. ఊళ్ల మీద రజాకార్లు పడుతున్నారని రోజుకొక కబురు. శంకరంపేట వైపు నుంచి జనం మూటలు నెత్తిన పెట్టుకుని మెదక్ వచ్చి, తెలిసినవాళ్ల ఇళ్లలో తలదాచుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే జయానందానికి ఒక పెద్ద పేచ్‌కస్ కొనాలని బుద్ధి పుట్టింది.

"ఊర్లు కాలుతున్నయి, నీకు పేచ్‌కస్ బేరమా?" అన్నాడు మాస్టరు.

"బేరం అయిపోలే మాస్టరు. ఖాసిం సాబ్ పరీక్షకు ఇచ్చిండు. కొనేముందు పాత తలుపుల మీద చూడాలె గద?"

అలా మొదలైంది. చేతిలో మూరెడు పేచ్‌కస్, భుజాన సంచి. జయానందం ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. ముందుగా వజ్రమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె మిషన్ దవాఖానలో ముప్పై ఏళ్లు మంత్రసానిగా చేసిన మనిషి. భర్త పోయినా ఎవరి దగ్గరా గుప్పెడు గింజలు ఊరికే తీసుకోలేదు. సంఘంవాళ్లు క్రిస్మస్‌కు చీర పంపితే, "కట్టుకోను లేనోళ్లకియ్యుండ్రి," అని తిప్పి పంపింది.

"ఏందిరా, నా తలుపు నీకు పరీక్ష బల్లనా?" అంది వజ్రమ్మ.

"గీ గల్లిల నీ తలుపంత పాతది ఇంకోటి లేదు పెద్దమ్మా. నువ్వు సరే అంటే నాకు మస్తు ఉపకారం."

ఉపకారం అడిగేసరికి ఆమె మెత్తబడింది. "కానియ్యి. గీతలు పడ్డయో, చేతులిరుగుతయి."

ఒక రోజుతో పోలేదు. పొట్టి స్క్రూలతో చూడాలన్నాడు, పొడుగువాటితో చూడాలన్నాడు, ఇనుప గడియ మీద చూడాలన్నాడు. మూడు రోజులు ఆమె తలుపు ఊడదీసి మళ్లీ పెట్టాడు. తర్వాత ఆ పక్క ఇల్లు, ఆ పై ఇల్లు. సందంతా టకటకలతో మోగింది.

మాస్టరుకు తల కొట్టేసినట్టయింది. నడిబజారులోనే అడిగేశాడు. "ముసలోళ్లను సతాయించుడేందిరా, బుద్ధి ఉన్నదా నీకు?"

జయానందం సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం నలుగురు తుపాకులవాళ్లు సందులోకి వచ్చారు. వజ్రమ్మ ఇంట్లో శంకరంపేట వైపు ఆడవాళ్లు తొమ్మిది మంది ఉన్నారని ఎవరో చెప్పారట. బడి లేని రోజు కావడంతో మాస్టరు ఇంట్లోనే ఉన్నాడు. కిటికీ సందులోంచి చూస్తూ నిలబడిపోయాడు.

ఒకడు తలుపు తన్నాడు. తలుపు కదల్లేదు. ఇంకొకడు వెనక్కి నాలుగడుగులు వేసి, పరుగున వచ్చి బూటుకాలితో తన్నాడు. మరుక్షణం ఆ కాలు రెండు చేతులా పట్టుకుని సందంతా కుంటుతూ గెంతాడు. తుపాకీ మడమతో బాదారు. గడియ కిర్రుమనైనా అనలేదు.

లోపల్నుంచి వజ్రమ్మ గొంతు ఖంగుమంది. "కొట్టుండ్రి, కొట్టుండ్రి! తలుపు ఇరిగితే కొత్తది చేయించినంకనే గల్లి దాటాలె!"

ఇంతలో ఎవరో గుడి గంట మోగించారు. దవాఖాన నుంచి, అంగడి నుంచి జనం వచ్చి సందు మొదట్లో నిలబడ్డారు. నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కుంటేవాడిని భుజాల మీద మోసుకుని వెళ్లిపోయారు.

మాస్టరు చెమట తుడుచుకుంటూ వెళ్లి ఆ తలుపును తడిమి చూశాడు. బందులకు వేలెడు పొడుగు స్క్రూలు, వరుసగా, తలలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. గడియ కొత్తది. పక్కింటి తలుపు చూశాడు, అదీ అంతే. ఒంటరి ఆడవాళ్లు ఉన్న ఏ ఇల్లూ తప్పిపోలేదు.

అడుగుదామంటే మొహం చెల్లలేదు. మూడు వారాలు అలాగే గడిచాయి. సెప్టెంబరులో భారత యూనియన్ ఫౌజు వచ్చింది. నిజాం రాజ్యం లొంగిపోయింది. జనం రోడ్ల మీదికి వచ్చి జెండాలు ఊపారు. అయితే ఆ సంబరంలో ఖాసిం సాబ్ దుకాణం తెరుచుకోలేదు. ఇప్పుడు భయపడటం ముసల్మానుల వంతయింది. ఏ పాపం ఎరగని మనిషి, ఎలా ఉన్నాడోనని మాస్టరు ఆయన ఇంటికి వెళ్లాడు.

గుమ్మం దగ్గర జయానందం మోకాళ్లూని కూర్చుని ఉన్నాడు. చేతిలో మూరెడు పేచ్‌కస్.

"ఏం చేస్తున్నవ్ ఆనందం?"

జయానందం తల ఎత్తలేదు. "పరీక్ష."

లోపల్నుంచి ఖాసిం సాబ్ నవ్వాడు. "ఏం పరీక్ష మాస్టర్ సాబ్! ఆ పేచ్‌కస్ మొదటి దినమే కొన్నడు. దాంతోని నా దుకాణంల ఉన్న పొడుగు పేచులన్ని ఊడ్సుకపోయిండు. ఎవ్వరికి చెప్పొద్దని నాతోని ఒట్టు ఏయించుకున్నడు."

మాస్టరు జయానందం వైపు తిరిగాడు. "ఎందుకు దాచినవ్ రా?"

"చెప్తే వజ్రమ్మ పెద్దమ్మ తలుపు ముట్టనిస్తుండెనా?" అన్నాడు జయానందం. "జర గా పేచులు ఇటియ్యి."

మాస్టరు అతని పక్కనే నేల మీద కూర్చుని, స్క్రూలు ఒక్కొక్కటే అందించాడు.

సాయంత్రం ఈ సంగతంతా వజ్రమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాడు. ఆమె ముందు మండిపడింది. "నన్నే మోసం జేసిండా వాడు?" తర్వాత లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం జయానందానికి కబురు వెళ్లింది. తిట్లు తినడానికి సిద్ధపడి, తోడుగా మాస్టరును వెంటపెట్టుకుని వచ్చాడు. పీట వేసి ఉంది. పీట ముందు జొన్న రొట్టె, కోడి కూర.

"కొత్త గిన్నె కొన్న," అంది వజ్రమ్మ కటువుగా. "కూర మంచిగ ఉడుకుతదో లేదో తెలుస్తలేదు. తిని చెప్పు. నాకు ఉపకారం."

జయానందం ఆమె మొహంలోకి చూశాడు. మాస్టరు గబుక్కున గోడ వైపు తిరిగాడు. జయానందం రెండు రొట్టెలు తిన్నాడు, మూడోది తిన్నాడు, వేళ్లు నాకాడు. కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించాడు.

"ఎట్లున్నది?"

"జర అనుమానంగనే ఉన్నది పెద్దమ్మా," అన్నాడు తల పంకిస్తూ. "ఇంకొన్ని దినాలు చూస్తెనే గాని తెల్వదు."