చాయ్‌లో కలిపిన గోలి

అండాలమ్మకు అబద్ధమాడటం చేతకాదు. ఆడాల్సి వచ్చింది కాబట్టి రోజూ పొద్దున్నే, గోలి నూరి చాయ్‌లో కలిపి మరీ ఆడేది.

ఆమె భర్త కోదండం దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణంలో పోచంపల్లి చీరలు పరిచి చూపించే మనిషి. ఆయన మడత విప్పితే కొనకుండా లేచిన ఆడది లేదని పేరు. అలాంటివాడికి ఏడాది కిందట చెవుల్లో గొంతులు మొదలయ్యాయి. తిండిలో ఏదో కలుపుతున్నారని అవి చెప్పేవట. దవాఖానలో డాక్టరు వేదవతి దాన్ని స్కిజోఫ్రీనియా అన్నది. గోలీలు మానకుండా వేసుకుంటే మళ్లీ దుకాణానికి పోవచ్చని ధైర్యం చెప్పింది.

వేసుకుంటే కదా! గోలి కనబడితే పళ్లు బిగించేవాడు. వండింది ముట్టడు. తొక్క ఉన్నదాంట్లో ఎవరూ ఏమీ కలపలేరని తేల్చుకుని, గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి అరటిపండ్లూ బత్తాయిలూ తెచ్చుకుని ఇరవై రోజులు వాటిమీదే బతికాడు. మనిషి పుల్లైపోయాడు. ఆ గొంతులకు కూడా చాయ్ అంటే ఇష్టమో ఏమో, దాని జోలికి మాత్రం రాలేదు. అండాలమ్మ ఆ సందు పట్టుకుంది. నాలుగు వారాల్లో కోదండం అన్నం తిన్నాడు, గడ్డం గీసుకున్నాడు.

ఎప్పుడన్నా చాయ్ చప్పరించి, "ఏమన్న కలుపుతున్నవానే?" అనేవాడు.

"రామ రామ! గది నీ బీమారయ్యా," అని ఆమె ఒట్టేసేది. ఒట్టేసిన పూట ఆమెకే ముద్ద దిగేది కాదు.

ఇట్లా ఆరు నెలలు గడిచాయి. సకల జనుల సమ్మె వచ్చింది. ఆ సమ్మెలో ఒక బంద్ రోజు పొద్దున ఎల్‌బీ నగర్‌లో బస్సు కదల్లేదు. విజయవాడ పోవాల్సిన ఇంటి ఓనరు త్రినాథరావు సంచీతో వెళ్లి సంచీతోనే తిరిగొచ్చి, పై వాటాకు మెట్లెక్కే ఓపిక లేక కింద కోదండం పక్కన కూలబడ్డాడు.

"ఏవండీ కోదండంగారూ, మీ తెలంగాణ వచ్చేలోపు నాకు బస్సొస్తుందంటారా?"

"ముందుగాల మాది రానియ్యి సార్. ఎన్కసీరి మీ బస్సు."

అప్పుడే గోలి కలిపిన చాయ్ భర్త ముందు పెట్టిన అండాలమ్మ, ఊరేగింపు చప్పుడు విని గేటు దాకా పోయింది. ఇంటికొచ్చిన మనిషిని ఊరికే కూర్చోబెట్టి తాను తాగడం కోదండం ఇంటావంటా లేదు. తన గ్లాసు తీసి ఆయన చేతికిచ్చాడు. ఆమె తిరిగొచ్చేసరికి త్రినాథరావు మూతి తుడుచుకుంటున్నాడు.

"చాయ్ బ్రహ్మాండం అండీ," అని మెట్లెక్కిపోయాడు. అండాలమ్మ ఖాళీ గ్లాసు వైపు చూసింది. భర్త ముందు ఏం చెప్పినా ముప్పేనని గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయింది.

గంట తిరక్కుండా ఆయన భార్య కుసుమకుమారి పరుగున దిగొచ్చింది. "అండాలమ్మగారూ, మావారు లేవట్లేదండీ! పిలిస్తే ఊఁ అని మళ్లీ పడుకుంటున్నారు. అసలే బీపీ మనిషి!"

"చాయ్‌ల ఏమో కలిపిన్రు," అన్నాడు కోదండం. "నేను జెప్తె ఎవలన్న ఇంటున్నరా?"

కుసుమకుమారి పాపం అన్నట్టు అండాలమ్మ వైపు చూసింది. అండాలమ్మకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. నిజం చెబితే ఈ మనిషి తన చేతి ముద్ద ఇక ముట్టడు. మళ్లీ బత్తాయిలు, మళ్లీ గొంతులు. చెప్పకపోతే పైన ఒక ప్రాణం.

"నేనే కలిపిన," అంది. "ఈయన గోలి. పొరపాటున సారు తాగిండు."

అప్పటికప్పుడు డాక్టరుకు ఫోన్ చేస్తే ఆమె చెడామడా తిట్టింది. పక్కకు తిప్పి పడుకోబెట్టమంది, దగ్గరే కూర్చోమంది, ఊపిరిలో తేడా వస్తే బంద్ అని చూడకుండా అంబులెన్సు పిలవమంది. "దొంగచాటుగా మందు ఇస్తే ఆయన మిమ్మల్ని ఎట్లా నమ్ముతాడమ్మా?" అని కూడా అంది. ఇద్దరు ఆడవాళ్లూ త్రినాథరావు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చున్నారు. సాయంత్రం నాలుగింటికి ఆయన కళ్లు తెరిచి, "బస్సొచ్చిందా?" అన్నాడు. కుసుమకుమారి ఏడుస్తూనే నవ్వింది. ఆ తరవాత అండాలమ్మను కడిగిపారేసింది.

కిందికి దిగితే కోదండం గడపలో కూర్చుని ఉన్నాడు.

"గట్లయితే నేనన్నది నిజమే గదనే?"

"నిజమేనయ్యా. అబద్ధం జెప్పిన. ఒట్లు గూడ ఏసిన. నీ కాల్మొక్కుత, అన్నం మాత్రం బంద్ వెట్టకు."

ఆయన చెవి రుద్దుకున్నాడు. "మరి గా గొంతులు? గవి గూడ నిజమేనా?"

"లేవయ్యా. నాకెన్నడు ఇనవడలే. నీకొక్కనికే ఇనవడతయి. గదే బీమారి."

కోదండం ఆమె ముఖంలోకి చూశాడు. ఈసారి అండాలమ్మ కళ్లు దించుకోలేదు.

"ఇయ్యి," అని చెయ్యి చాపాడు. "నూరకు. నాకు సూపెట్టి ఇయ్యి."

ఆమె గోలి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. కోదండం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో వేసుకుని, ముఖం వికారంగా పెట్టి మింగాడు. అండాలమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని భోరుమంది.

"నువ్వెందుకేడుస్తవే?" అన్నాడు కోదండం. "చేదు నాకు గద!"