ఐదంతస్తుల బిల్డింగులో మా అక్క ఉద్యోగం

మా చిన్నప్పుడు... ప్రొద్దుటూరు నడిబొడ్డున పాత పత్తి గోదాము పడగొట్టి ఐదంతస్తుల ఆఫీసు బిల్డింగు కట్టారు. ఊళ్లో అంత ఎత్తు కట్టడం అదే మొదలు. లిఫ్టు చూడటానికే జమ్మలమడుగు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు...

నాలుగో అంతస్తులో ఒక ఆడిటరు దగ్గర మా అక్క టైపిస్టుగా చేరింది. మా ఇంట్లో ఆడపిల్ల ఉద్యోగానికి పోవడమూ అదే మొదలు. నాయన చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. అమ్మ మాత్రం పొద్దున్నే లేచి సద్ది కట్టి పంపేది.

శనివారం ఒంటిపూట బడి కాగానే నేను అక్కడికే పోయేదాన్ని. కిటికీలోంచి చూస్తే మిరపకాయలు ఆరబోసిన మిద్దెలు, దూరంగా పెన్న ఇసుక... వెనక అక్క టైపు చప్పుడు. "మీ యక్క కొట్టిన కాగితం మళ్లా చూసే పనే ల్యా పాపా" అనేవాడు ఆడిటరు. అక్క తలెత్తకుండానే నవ్వేది.

తర్వాత పులివెందుల సంబంధం కుదిరింది. చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలున్న ఇల్లు. మాటలప్పుడు పెళ్లికొడుకు తండ్రి అన్నాడు...

"ఉద్యోగం గిద్యోగం వద్దు బావా. మా ఇంట్లో ఏం తక్కువ?"

"అట్లే కానీ బావా" అన్నాడు నాయన. లోపలి గదిలో ఉన్న అక్కను ఎవరూ అడగలేదు.

చివరి రోజు నేనూ వెంట పోయాను. అక్క మిషన్ మీద గుడ్డ కప్పింది. బీరువా తాళంచెవి ఆడిటరు బల్ల మీద పెట్టింది. నేను లిఫ్టు వైపు పోతుంటే, "మెట్లు దిగి పోదాం పామ్మే" అంది. ఏడుస్తుందేమోనని మొహం చూస్తూ దిగాను... ఏడవలేదు.

"బాధగా ఉందా అక్కా?"

"ఏమోమ్మే... ఏమీ అనిపించడం ల్యా."

ఆ తర్వాత ఆ బిల్డింగులోకి కంప్యూటర్ సెంటర్లు వచ్చాయి, కోచింగులు వచ్చాయి, ఒక్కొక్కటే ఖాళీ చేసి పోయాయి. గోడలు బీటలిచ్చాయి. పోయిన వారం కూలగొట్టడం మొదలుపెట్టారు. నాలుగో అంతస్తు గోడ పడిపోయి, గది రోడ్డుకు కనబడుతోంది. ఆ రోడ్డు మీద నుంచే అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, మీ ఆఫీసు పడగొడతాండారు."

ఆ వైపు మిక్సీ తిరుగుతున్న చప్పుడు...

"ఔనా... యాడ నిలబడినావు? దుమ్ము శానా ఉంటాది, దూరంగా ఉండు."

"వీడియో తీసి పంపాలా?"

"వద్దులేమ్మే. పొయ్యి మీద కూరుంది, పెట్టేస్తాండా."

చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఏడుపొస్తుందనుకున్నాను... రాలేదు.

ఇప్పుడు మా వీధి ఆడపిల్లలు స్కూటీల మీద ఆఫీసులకు పోతుంటే ఎవరూ తిరిగి కూడా చూడరు. వీళ్లకంటే ముందే ఉద్యోగాలకు పోయి, మధ్యలో మానేసిన అక్కలు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు... వాళ్లు ఏం పని చేసేవాళ్లో కింద రాయండి. ఒకసారి వాళ్లను అడిగి రాయండి...