పట్టా సాగిన పాట

నా మూర్ఖత్వాన్ని ముందే ఒప్పేసుకుంటాను, మీరు నవ్వడానికి వీలుగా ఉంటుంది. నా చెవులు రెండూ కూడబలుక్కుని నన్ను మా మరమగ్గాల పేట గోడాదరాలో పదిమంది ముందు నవ్వులపాలు చేశాయి. మాస్కు ఉండబట్టి సగం మొహమే పోయింది. మిగతా సగం ఇంకా నా దగ్గరే ఉంది.

నేను సాంచాల మాస్టర్‌ని, అంటే మరమగ్గాలకు వైద్యుణ్ణి. నలభై సాంచాలు ఒక్కసారిగా మోగుతున్నా, "ఏడో నంబరుకు పట్టా సాగింది" అని గుమ్మంలోంచే చెబుతానని పేరు. పట్టా అంటే సాంచాను తిప్పే బెల్టు, అది సాగితే సాంచా ఆగి ఆగి నడుస్తుంది. అలాంటివాణ్ణి లాక్‌డౌన్ ఇంట్లో కూర్చోబెట్టింది. చేతులు ఊరుకుంటాయా? ఫ్యాను విప్పాను, బిగించాను. కుట్టుమిషను విప్పాను, బిగించాను, రెండు మరలు మిగిలాయి. మిక్సీ వైపు చూసేసరికి మా ఆవిడ సుజాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ మధ్యాహ్నం గోడలోంచి వినబడింది. ఠక్... ధడ్... ఠక్... గోడ అవతల మా సేఠ్ కార్ఖానా. షటరుకు తాళం!

"సుజాతా, సాంచా నడుస్తున్నది!"

"కల గిట్ల గన్నవా ఏంది? అంతా బంద్ గదా."

"మనల్ని ఇంట్ల కూసోబెట్టి సేఠ్ వేరే మాస్టర్ను పెట్టిండే. నా పని పాయె!"

గల్లీలో పదిమంది నేతగాళ్ళు పోగయ్యారు. పని పోయిందన్న భయం అందరికీ ఒకేసారి అంటుకుంది, ఆ రోజుల్లో అంటుకోనిదేముంది! నేను గోడకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని రోగం తేల్చేశాను.

"ఒక్కటే సాంచా. పట్టా సాగింది. పోగు మోసే నాడె అటువోయి, సోంచాయించుకొని ఇటొస్తున్నది. వీడెవడో పనిరాని మాస్టరు!"

సేఠ్‌కు ఫోను కొట్టాను.

"క్యా బోల్ రహే హో, మాస్టర్? చాబీ మేరే పాస్ హై!"

చాబీ మీ దగ్గరుంటే చప్పుడు మా దగ్గరెట్లుందని నాకొచ్చిన హిందీలో దబాయించాను. పాపం, రెండు గల్లీల అవతలి నుంచి చెమటలు కక్కుతూ నడిచొచ్చి షటరు లేపాడు.

నలభై సాంచాలూ దుమ్ము కప్పుకుని నిద్రపోతున్నాయి. ఏడో నంబరు మీద పావురం గూడు పెట్టింది. చప్పుడు మాత్రం నెత్తిమీది నుంచి దిగుతోంది.

పైగదిలో ఉండేది నా దోస్తు శేఖర్. కంప్యూటర్లో చీరల డిజైన్లు గీస్తాడు. అందరం మెట్లెక్కాం. తలుపు తీశాడు. వెనకాల బీరువాకు తమ్ముడిలాంటి స్పీకరు, గోడకు ఆనించి ఉంది.

"ఆవో అన్నా! జర నువ్వు గూడ విను. డౌన్‌టెంపో అంటరు, మెల్లగ నడుస్తది. మస్తు రేర్ ఆల్బం. దునియాల ఎవ్వనికి తెల్వది."

"ఇగ గోడాదరకంత తెలిసింది" అన్నాను.

సేఠ్ స్పీకరును చూశాడు, నన్ను చూశాడు. "మాస్టర్, ఇస్కా పట్టా టైట్ కరోగే?"

పదిమందీ మెట్లమీదే కూలబడి నవ్వారు. వాళ్ళు వెళ్ళాక శేఖర్ నన్ను బలవంతంగా కూర్చోబెట్టి ఆల్బం మొత్తం వినిపించాడు. బాగుందనడానికి నాకు నోరు రాలేదు. కానీ లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచీ ఊగుతున్న నా మోకాలు మొదటిసారి ఊగడం మానింది.

శేఖర్ నోరు మాత్రం మానలేదు. ఊరి ఆ చివర సచిన్ పేట కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళు కూడా ఫోను చేసి, "డౌన్‌టెంపో మాస్టరూ, మా రేడియోకు పట్టా సాగింది, జర వస్తవా?" అనేవారు. కంటితో చూడకుండా, చేత్తో ముట్టుకోకుండా, కనీసం కరెంటుందో లేదో కనుక్కోకుండా ఇక ఏ చప్పుడుకూ రోగం పేరు చెప్పనని నా పానా మీద ఒట్టేశాను.

కార్ఖానా తెరిచాక ఒక పొద్దున్న ఏడో నంబరుకు నిజంగానే పట్టా సాగింది. మిగతావి మొదలుకాకముందే దాన్నొక్కదాన్నే నడిపి, ఫోన్లో రికార్డు చేసి శేఖర్‌కు పంపాను. "రేర్ ఆల్బం. దునియాల ఎవ్వనికి తెల్వది."

ఏళ్ళ తరబడి దాని నెత్తిమీదే కాపురమున్న మనిషి, మర్నాడు పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, క్యా చీజ్ హై! ఆ దెబ్బ ఆగి ఆగి వస్తది సూడు, పానం వోతున్నది! ఎవలదే? ఇంకోటి ఉన్నదా?"

"లేదు తమ్మీ" అన్నాను పానా తుడుచుకుంటూ. "నిన్ననే పట్టా బిగించిన."