దేవుడి మీద పెత్తనం

నాకు దేవుడంటే నమ్మకం లేదు. నేను సుక్మా అడవుల్లో భేజ్జి దగ్గర బడిపంతులుగా ఉన్నప్పుడు మా పక్కింటి ముసలామెకు ఉండేది. కాని ఆయన మీద ఆమె చేసే పెత్తనం చూస్తే నాకే జాలేసేది. ఎవరు ఏది తప్పన్నా, "దేవునితో నేను మాట్లాడుకుంట తియ్" అనేది.

ఆమె కొడుకు రెండో పెళ్లి చేసుకున్నాడు. కోడలు మొదటి భర్తతో పెద్దల ముందు తెగతెంపులు చేసుకుని, చిన్న కూతురితో వచ్చింది.

ఏడాది తిరిగేసరికి మామిడి పండగ వచ్చింది. అక్కడ కొత్త కాయను ఇంటి దేవుడికి పెట్టనిదే ఎవరూ తినరు. పెట్టాక ఆ గోత్రం వాళ్లే ముందు తినాలి; పిల్లలకు తండ్రి గోత్రమే, తండ్రి ఇంటి దేవుడే. ముసలామె కోడలి కూతురికి ముక్క అందిస్తుంటే, ఆమె ముసలి మరిది అడ్డుపడ్డాడు.

"ఏంది వదినా? ఆ పిల్ల దేవుడు వేరు. తండ్రి ఇంట్ల తినాలె."

తండ్రి సుక్మాలో వేరే కాపురం పెట్టాడని అందరికీ తెలుసు. పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. గోత్రాల మీద ఉపన్యాసానికి నేను గొంతు సవరించుకున్నాను.

"నువ్వుండు సారూ," అని ముసలామె మరిది వైపు తిరిగింది. "ఏడాదంత ఈ ఇంటి జావ తాగింది. అప్పుడు నీ దేవుడు నిద్రపోయిండా? నేను మాట్లాడుకుంట తియ్."

ముక్కను పిల్ల చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

పిల్ల కొరికి మొహం ముడిచింది. "పుల్లగుంది. ఉప్పేదే, అవ్వా?"

ఆ ఇంట్లో ఆ పిల్ల నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం నేను వినడం అదే మొదలు.

"మహారాణికి ఉప్పు కావాల్నంట!" అని తిట్టుకుంటూ ముసలామె సంబరంగా లేచింది.